బానిస వంశం అన్న ముద్ర: పశ్చిమ ఆఫ్రికా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమ ఆఫ్రికాలో బానిసల సంతతి మీద నేటికీ ఉన్న ముద్ర గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి ఇవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను, కొన్ని కాస్త కటువుగా ఉన్నా సరే.

## మొదట్లో వచ్చే సందేహాలు

బానిసత్వం పోయి ఎన్నో ఏళ్లయింది కదా, ఇంకా ఈ గొడవేంటి?

పోయింది చాకిరీ. పోనిది "నువ్వెవరి పిల్లవి?" అన్న ప్రశ్న. పశ్చిమ ఆఫ్రికాలో చాలా చోట్ల మనిషికి భూమి, పెళ్లి, సభలో మాట, చివరికి శవానికి ఆరడుగుల చోటు కూడా వంశం ద్వారానే వస్తాయి. కొనితెచ్చిన మనిషికి ఆ వంశంలో చోటే లేదు. మన ఊళ్లలో ఇంటిపేరు, గోత్రం అడిగితే తెల్లమొహం వేసినవాణ్ణి పెద్దవాళ్లు చూసే చూపు గుర్తు తెచ్చుకోండి, కొంత అర్థమవుతుంది. చట్టం మనిషిని యజమాని చేతిలోంచి విడిపించింది గానీ అతనికి తాతముత్తాతల్ని తెచ్చివ్వలేకపోయింది. అందుకే నాలుగు తరాల తర్వాత కూడా, చదువుకుని ఉద్యోగం చేస్తున్న కుర్రాడికి సంబంధం చూస్తుంటే వాళ్ల ముత్తాతని కొనితెచ్చారన్న మాట బయటికి వస్తుంది.

బానిసలంటే ఓడలెక్కించి అమెరికాకి పంపినవాళ్లు కాదా? ఊళ్లలో మిగిలినవాళ్లెవరు?

అట్లాంటిక్ ఓడలెక్కినవాళ్లు సుమారు 1.25 కోట్ల మంది. ఆ లెక్క ఎంత పెద్దదంటే, దాని నీడలో రెండో కథ కనబడకుండా పోయింది. ఓడలవాళ్లు ఎక్కువగా మగవాళ్లనే కొన్నారు. ఆడవాళ్లలో, పిల్లల్లో చాలామంది లోపలి ఊళ్లలోనే అమ్ముడుపోయారు. 1807లో బ్రిటన్ ఓడల వ్యాపారాన్ని నిషేధించాక లోపలి బానిసత్వం తగ్గలేదు, పెరిగింది. యూరప్ సబ్బులకీ యంత్రాలకీ పామాయిల్, వేరుశనగ కావాలి. వాటిని పండించి మోసుకొచ్చే చేతులు కావాలి. 1900 నాటికి ఇప్పటి ఉత్తర నైజీరియాలోని సొకోటో రాజ్యంలోనే పది లక్షలకు పైగా, బహుశా పాతిక లక్షల దాకా బానిసలు ఉండేవారని చరిత్రకారుల అంచనా. ఇవాళ ముద్ర మోస్తున్నది ఇలా ఊళ్లలో మిగిలిపోయినవాళ్ల మనవలు, మునిమనవలు.

వాళ్లని ఏమని పిలుస్తారు?

ఒక్కో భాషలో ఒక్కో మాట. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బోలో ఓహు, ఓసు. ఘనాలోని అశాంతేలో ఒడొంకో, అంటే ఉత్తరాది నుంచి కొనితెచ్చినవాడు. పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఉన్న ఫులా భాషలో మచ్చుడో, బహువచనం మచ్చుబే. సెనెగల్‌లోని వోలోఫ్‌లో జామ్. మారిటేనియాలో విడుదలైనవాళ్ల సంతతిని హరాతీన్ అంటారు. హరాతీన్ అన్న మాటని ఆ సమాజమే తల ఎత్తుకుని వాడుకుంటోంది. మిగతావి చాలావరకు మొహం మీద అంటే కొట్లాట అయ్యే మాటలు. చదివి తెలుసుకోవడానికే తప్ప నోటితో వాడటానికి కాదు.

ఇది మన కులం లాంటిదేనా?

పెళ్లి దగ్గర పోలిక గట్టిగానే ఉంది. పుట్టుకతో వస్తుంది, చదువుతో పోదు, పిల్లనివ్వరు. అక్కణ్ణుంచి దారులు వేరు. బానిస ఆడవాళ్లు యజమాని వంటింట్లోనే వండారు, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని పెంచారు. అంటరానితనం అనేది సాధారణంగా ఉండేది కాదు. పైగా వృత్తిని బట్టి పుట్టుకతో వచ్చే విభజన అక్కడ వేరే ఉంది. వోలోఫ్, మాండే సమాజాల్లో కమ్మరులు, తోలుపనివాళ్లు, వంశగాథలు పాడే గ్రియోలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటారు. కానీ వాళ్లు స్వతంత్రులు. బానిస సంతతి వాళ్లకూ కింద. ఇంకో తేడా ఏమిటంటే, ఇస్లాం న్యాయం ప్రకారం బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టి, అతను తన బిడ్డేనని ఒప్పుకున్న బిడ్డ స్వతంత్రుడు. అలా కొన్ని కుటుంబాలు ఒక్క తరంలోనే అవతలి ఒడ్డుకి చేరాయి. కులం కంటే మెతక అనుకునేరు, పక్క గుడిసెలో బానిస తండ్రికి పుట్టినవాళ్లకి ఆ దారి లేదు.

ఓసు, ఓహు రెండూ ఒకటేనా?

కాదు. ఇగ్బోలు కూడా దూరంగా ఉండేవాళ్లకి చెప్పేటప్పుడు కలిపేస్తుంటారు. ఓహు అంటే మనిషి కొన్న బానిస. ఓసు అంటే దేవతకి ఇచ్చేసిన మనిషి. కొందర్ని కొని అర్పించారు, కొందరు శత్రువుల నుంచో అప్పుల నుంచో పారిపోయి గుడి నీడకి చేరి తామే అలా అయ్యారు. దేవత సొత్తు కాబట్టి వాళ్లని ఎవరూ కొట్టకూడదు, అమ్మకూడదు. అలాగే ముట్టుకోకూడదు, కలుపుకోకూడదు. భయమూ అసహ్యమూ కలిసిన దూరం అది. మనకి జోగినీ ఆచారం గుర్తొస్తే తప్పులేదు గానీ, ఓసుల్లో మగవాళ్లూ ఉన్నారు, ఇంటిల్లిపాదీ తరతరాలుగా ఓసులే. స్వతంత్రులుగా పుట్టినవాళ్లని డియాలా అంటారు, కొన్ని ప్రాంతాల్లో అమాడి అంటారు.

## ముద్ర ఎలా పడింది

ఒకసారి బానిస అయిన ప్రతివాడి మీదా ఈ ముద్ర పడిందా?

పడలేదు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. శామ్యూల్ అజాయి క్రౌథర్ అనే యొరుబా (నైరుతి నైజీరియా) కుర్రాణ్ణి 1821లో ఊరి మీద దాడి చేసి పట్టుకెళ్లారు. చేతులు మారి మారి పోర్చుగీసు ఓడెక్కాడు. 1822లో బ్రిటిషు నౌకాదళం ఆ ఓడని పట్టుకుని అతన్ని సియెర్రా లియోన్‌లో దింపింది. చదువుకున్నాడు, ఫాదిరీ అయ్యాడు, తిరిగొచ్చి 1846లో అబెయోకుటాలో తల్లిని కలుసుకున్నాడు. 1864లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. అతన్నీ అమ్మారు, కొన్నారు. అయినా యొరుబా దేశంలో అతను "ఫలానావాళ్ల అబ్బాయి". తన వాళ్ల దగ్గరికి తిరిగి చేరినవాడికి వంశం తిరిగొచ్చింది. కొన్న ఊళ్లోనే ఉండిపోయినవాడికి రాలేదు. ముద్ర పడింది సంకెళ్లు వేసినందుకు కాదు, తిరిగి వెళ్లే ఇల్లు లేనందుకు.

బానిసగా వచ్చి రాజైనవాళ్లు కూడా ఉన్నారంటారు, నిజమేనా?

నిజమే. అందరికీ తెలిసిన పేరు ఒపోబో రాజు జాజా. చిన్నప్పుడే అమ్ముడుపోయి నైజర్ డెల్టాలోని బోనీ రేవు చేరిన ఇగ్బో కుర్రాడు. పామాయిల్ వ్యాపారంలో ఎదిగి అక్కడి పెద్ద వర్తక గృహానికి అధిపతి అయ్యాడు. కానీ బోనీ సింహాసనం బానిసగా వచ్చినవాడికి దక్కదు. 1869లో అంతర్యుద్ధం అయ్యాక తన మనుషుల్ని తీసుకెళ్లి ఒపోబో అనే కొత్త రాజ్యాన్నే కట్టుకున్నాడు. 1887లో మాట్లాడదాం రమ్మని పిలిచి బ్రిటిషువాళ్లు బంధించి ప్రవాసం పంపారు. 1891లో తిరిగొస్తూ దారిలో పోయాడు. ఆయన ఎంత ఎదిగాడన్నది అందరూ చెబుతారు. రాజు కావడానికి వేరే ఊరు కట్టుకోవలసి వచ్చిందన్నదే నాకు ముఖ్యంగా కనబడుతుంది.

తెల్లవాళ్లు రద్దు చేశారు కదా, ఆ రద్దు ఎందుకు పారలేదు?

వాళ్లు రద్దు చేసిన తీరు అలాంటిది. 1843లో ఈస్టిండియా కంపెనీ మన దేశంలో ఒక చట్టం తెచ్చింది. బానిసల్ని విడిపించండి అనలేదు. బానిస మీద హక్కు నాదంటూ ఎవరైనా కోర్టుకొస్తే ఇకమీదట వినం అంది, అంతే. 1874లో గోల్డ్ కోస్ట్‌కి, అంటే ఇప్పటి ఘనాకి, చట్టం రాసేటప్పుడు బ్రిటిషువాళ్లు ఈ భారత నమూనానే తీసుకున్నారు. యజమానికి పరిహారం ఇవ్వక్కర్లేదు, విడుదలైనవాడికి భూమీ ఇవ్వక్కర్లేదు. ఖర్చులేని పని. ఉత్తర నైజీరియాలో బ్రిటిషు పాలకుడు లుగార్డ్ ఇంకా నెమ్మది: 1901 ఏప్రిల్ 1 తర్వాత పుట్టిన పిల్లలు స్వతంత్రులు, పెద్దవాళ్లు మాత్రం డబ్బు కూడబెట్టి తమని తామే కొనుక్కోవాలి. పూర్తి నిషేధం 1936లో గానీ రాలేదు. ఫ్రెంచివాళ్ల ఉత్తర్వు 1905 నాటిది. సియెర్రా లియోన్ లోపలి ప్రాంతంలో 1928 జనవరి 1 దాకా బానిసత్వం చట్టబద్ధమే. సంస్థానాధీశుల్నీ ఊరి పెద్దల్నీ నొప్పించకుండా పన్నులు రాబట్టుకోవాలన్న లెక్క అన్నిచోట్లా ఒకటే.

స్వేచ్ఛ వచ్చాక వెళ్లిపోవచ్చు కదా, అక్కడే ఎందుకున్నారు?

వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1905లో ఇప్పటి మాలిలోని బానంబా సంత ఊళ్ల నుంచి బానిసలు గుంపులు గుంపులుగా నడక మొదలుపెట్టారు. సమోరి తూరే అనే రాజు యుద్ధాల్లో పాడుబడిన వాసులు వంటి సొంత ప్రాంతాలకి తిరిగి వెళ్లి బీళ్లు సాగు చేసుకున్నారు. వాళ్లకి ఊరు గుర్తుంది. మూడో ఏట ఎత్తుకొచ్చిన పిల్లకో, బానిసలకే పుట్టిన కొడుక్కో ఏ ఊరు గుర్తుంటుంది? గినీలోని ఫూటా జాలోన్‌లో బానిసలకి రూందే అని వేరే పల్లెలు ఉండేవి. పుట్టి పెరిగింది అక్కడే, దున్నేది యజమాని పొలమే. ఉండిపోయారు. ఉండాలంటే పంటలో పాలు, పండగలకి చాకిరీ, తలవంపు తప్పలేదు. నైజీరియాలో ఎనుగు దగ్గరి న్కాను అనే ఇగ్బో ప్రాంతంలో కథ ఎదురు తిరిగింది. 1915లో బొగ్గుగనులు మొదలయ్యాక కూలి డబ్బు చేతికొచ్చిన బానిసలు 1920ల మొదట్లో యజమానులకి ఇక పని చేయబోమన్నారు. రక్తపాతం అయింది. భూమి తగాదా నేటికీ పూర్తిగా చల్లారలేదు.

## పెళ్లి, పేరు, పెద్దరికం

అందరూ ఒకేలా ఉంటారు కదా, ఎవరు ఏ వంశమో ఎలా తెలుస్తుంది?

ఊరికి తెలుసు. ఇల్లు ఏ వాడలో ఉంది, పొలం ఏ వైపు ఉంది, సభలో కోలా గింజ చీల్చి ప్రార్థన చేసేది ఎవరు, ఫులా పెళ్లిలో వంట దగ్గరా మాంసం దగ్గరా నిలబడేది ఎవరు, ఇవన్నీ చదవడం వచ్చినవాడికి రాసిపెట్టినట్టే. ఇంటిపేరుతో మాత్రం పట్టలేరు, ఎందుకంటే బానిసలకి చాలాచోట్ల యజమాని వంశనామమే వచ్చింది. పాతకాలంలో అశాంతేలు మొహం మీద గాట్లు పెట్టుకునేవాళ్లు కాదు, ఉత్తరాది నుంచి తెచ్చినవాళ్లకి ఉండేవి. ఆ ఆనవాలు ఒక్క తరంతో పోయింది, మాట పోలేదు.

డోంకోర్ అని పేరుంటే బానిస వంశమేనా?

తొందరపడొద్దు. ఘనాలో అకాన్ (అశాంతేలు ఇందులోవాళ్లే) తల్లికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డకి "బానిస" అని, అంటే డోంకోర్ అని పేరు పెట్టేవారు. బుగ్గ మీద ఉత్తరాదివాళ్లలా గాటు కూడా పెట్టేవారు. వీడు విలువలేనివాడు, మృత్యువు తొంగి చూడదులే అని. మన పెంటయ్యలు, పుల్లయ్యలు పుట్టిన తీరే ఇది. పెంటమీద పడేసి ఎత్తుకొచ్చిన బిడ్డ పెద్దవాడై ఆస్తిపరుడైనా పేరు పెంటయ్యే. కాబట్టి డోంకోర్ గారి తాత రాజవంశీకుడైనా ఆశ్చర్యం లేదు.

ప్రేమించుకుంటే పెళ్లి చేసుకోలేరా?

చట్టం అడ్డు చెప్పదు. ఇగ్బోల్లో పెళ్లి కుదిరేముందు ఇజు ఎసె అనే తంతు ఉంది. అవతలి కుటుంబం ఊరికి మనుషుల్ని పంపి ఆరా తీయడం. రోగాలు, పిచ్చి, దొంగతనాలు, వాటితోపాటు ఓసు, ఓహు. లేగోస్‌లో అయిదేళ్లు కలిసి తిరిగిన జంట ఆ ఆరాతో ఆగిపోవడం అరుదేం కాదు. తల్లి విషం తాగుతానంటుంది, అన్నదమ్ములు రామంటారు. చేసుకున్నవాళ్లకి కూడా భయం చెల్లెళ్ల గురించి: స్వతంత్ర కుటుంబం ఓసు సంబంధం చేసుకుంటే ఆ పిల్లలు ఓసులవుతారని, వాళ్ల ఇంట్లో మిగతా సంబంధాలు చెడతాయని. పెళ్లి ఇద్దరిది అయితే ఎప్పుడో తేలిపోయేది. అడ్డంపడేది ఇంట్లో మిగిలినవాళ్ల పెళ్లిళ్లు.

డబ్బూ చదువూ వస్తే పోదా?

కొంత కప్పుతుంది. మిషనరీలు వచ్చిన కొత్తలో బడికీ చర్చికీ ముందు వెళ్లినవాళ్లలో ఓసులు చాలామంది, స్వతంత్రులు పిల్లల్ని పంపడానికి వెనకాడుతున్న రోజుల్లో. ఫలితంగా కొన్ని ఊళ్లలో మొదటి డాక్టర్లు, హెడ్మాస్టర్లు వాళ్లే. అసూయ ఇంకో పొర చేరింది. మారిటేనియాలో హరాతీన్ నాయకుడు మెస్సౌద్ ఊల్ద్ బుల్‌ఖేర్ 2007లో జాతీయ అసెంబ్లీ అధ్యక్షుడయ్యాడు. ఇంకో హరాతీన్, బిరామ్ దా అబేద్, 2019 అధ్యక్ష ఎన్నికల్లో రెండోస్థానంలో నిలిచాడు. పదవి దొరుకుతుంది. ఊరి పెద్దరికం, సంప్రదాయ బిరుదు, పిల్ల, ఈ మూడే దొరకనివి.

ముస్లింలు ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తారు కదా, అక్కడెలా?

వరుస ఒకటే, ముందు నిలబడేది ఎవరన్నదే తగువు. ఫులా ఊళ్లలో, మాలి వైపు సోనింకే జాతివాళ్ల ఊళ్లలో బానిస సంతతివాడు ఎంత ఖురాన్ చదివినా ఇమాంగా ఒప్పుకోని మసీదులు ఉన్నాయి. అసలు ధర్మశాస్త్రం ముస్లింని బానిస చేయకూడదనే చెబుతుంది. అందుకే పూర్వీకులు అవిశ్వాసులన్న మాటని తరతరాలు పట్టుకుని వేలాడటం. దీనికి బానిస సంతతి ఇచ్చే జవాబు ఒక్క పేరు: బిలాల్. ప్రవక్త తొలి అజాన్ పిలుపు ఇప్పించింది విడుదలైన నల్లజాతి బానిస చేతనే కదా అని.

"ఎవరి మూలం ఎవరూ చెప్పకూడదు" అని అశాంతేల్లో నియమం ఉందట. మరి అక్కడ సమస్య లేనట్టేనా?

అకాన్‌లో ఆ మాట "ఒబి న్‌చెరె ఒబి అసె". రాజ్యం కట్టిన ఒసెయి టూటూ కాలం నుంచి ఉన్న కట్టడి అంటారు. రకరకాల ఊళ్లవాళ్లని, ఓడిపోయినవాళ్లని, కొన్నవాళ్లని కలిపి ఒక జాతి చేయాలంటే పాత ఊరు తవ్వకూడదు. అశాంతేల్లో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. కొన్న స్త్రీకి తనదైన తల్లి వంశం అక్కడ లేదు కాబట్టి ఆమె పిల్లలు పూర్తిగా యజమాని ఇంటివాళ్లే. మేనల్లుళ్లకి పోవాల్సిన ఆస్తి లెక్కల్లో తండ్రికి ఇది లాభం కూడా. ఆ పిల్లలు పెరిగి, అక్కడే కలిసిపోయి, అడగకుండానే అశాంతేలయ్యారు. ఈ నియమం లక్షలమందికి గొడుగు పట్టిందనడంలో నాకు సందేహం లేదు.

కానీ చెప్పకూడదంటే తెలియదని కాదు. ఇంటి పెద్దావిడకి అంతా తెలుసు. ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట, ఊరి సింహాసనం ఖాళీ అయినరోజు బయటికొస్తుంది. ఇద్దరు పోటీదారుల్లో ఒకడి ముత్తవ్వ ఉత్తరాన సలాగా బానిసల సంతలో కొన్న మనిషి అని పెద్దల మండలిలో ఎవరో గొణుగుతారు, అంతటితో అభ్యర్థిత్వం పోతుంది. ఆస్తి పంపకాల్లోనూ అంతే. బయటికి అననంత కాలం అందరూ ఒకటే, అన్న క్షణంలో తిప్పికొట్టడానికి రాతపూర్వక ఆధారం ఎవరి దగ్గరా లేదు. నిశ్శబ్దం ముద్రని మాన్పలేదు, మడతపెట్టి బీరువాలో పెట్టింది.

యజమానుల వారసులకి సిగ్గు లేదా?

చాలామంది "మా ఇంట్లో బానిసల్ని సొంత పిల్లల్లా చూసుకున్నారు" అంటారు. మన దొరల ఇళ్లలోనూ విన్నమాటే. వేరే దారి తొక్కింది టోగో, బెనిన్ తీరంలోని ఎవే, మినా కుటుంబాలు. అక్కడ చాంబా అనే వోడూ ఆరాధన ఉంది. తాతలు కొనితెచ్చిన ఉత్తరాది ఆడవాళ్ల ఆత్మల్ని వారసులు కొలుస్తారు. ఇంటికి జబ్బో నష్టమో వస్తే, చనిపోయిన ఆ బానిస నాయనమ్మకి బాకీ తీర్చలేదని సోదె చెబుతుంది. ఒంటిమీదికి వచ్చిన ఆత్మ ఉత్తరాది బట్టలు అడుగుతుంది, ఉత్తరాది తిండి అడుగుతుంది. చరిత్ర పుస్తకాలు ఒప్పుకోని అప్పుని పూజ ఒప్పుకుంది.

## ఇవాళ

చట్టాలేం లేవా?

ఉన్నాయి, తగినన్ని. నైజీరియా తూర్పు ప్రాంత శాసనసభ, ఇగ్బో నాయకుడు అజికివే ఆ ప్రాంత ప్రధానిగా ఉండగా, 1956లో ఓసు వ్యవస్థని రద్దు చేసింది. 1999 రాజ్యాంగం 42వ సెక్షన్ పుట్టుక పరిస్థితుల్ని బట్టి ఎవరికీ లోటు చేయకూడదంటుంది. మారిటేనియా 1981లో రద్దు చేసి, 2007లో నేరం చేసి, 2015లో శిక్షలు పెంచింది. నైజర్ 2003లో నేరం చేసింది. అక్కడ పన్నెండో ఏట 2,40,000 ఫ్రాంకులకి అమ్ముడుపోయిన హదిజాతు మాని కేసులో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2008 అక్టోబర్ 27న నైజర్ ప్రభుత్వమే ఆమెకి కోటి ఫ్రాంకులు కట్టాలంది. విడుదలై నచ్చినవాణ్ణి పెళ్లాడితే, పాత యజమాని తన భార్యేనంటూ కేసు పెట్టి జైలుకి పంపించాడు ఆమెని. ఆ తీర్పు గొప్పది. కానీ పిల్లనివ్వని తండ్రిని ఏ సెక్షన్ కింద పెడతారు?

మాలిలో మనుషుల్ని చంపేదాకా ఎందుకు వెళ్లింది?

"మేం బానిసలం కాము" అని నోరు తెరిచినందుకు. పశ్చిమాన కాయ్ ప్రాంతంలోని సోనింకే ఊళ్లలో బానిస సంతతివాళ్లు పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఊడిగం చేయాలి, పెద్ద కుటుంబాల ముందు ఒదిగి ఉండాలి. 2010ల చివర్లో గంబానా అనే ఉద్యమం లేచింది, అందరం సమానమే అని దాని అర్థం. ఫ్రాన్సులో ఉన్న వలసకార్మికులు వాట్సాప్ గుంపుల్లో గొంతు సందేశాలు పంపారు. చదువురానివాళ్లు కూడా విన్నారు. ఊడిగం మానేసిన ఇళ్లకి ఊరు బావి మూసేసింది, కొట్టు మూసేసింది, పొలం లాక్కుంది. 2020 సెప్టెంబర్ 1న ద్యాన్‌ద్యూమే గ్రామంలో నలుగురు ఉద్యమకారుల్ని కొట్టి చంపారు. వేలమంది ఊళ్లు వదిలేశారు. అన్నేళ్లూ దీన్ని నేరమనే ప్రత్యేక చట్టం మాలిలో లేదు. 2024 చివర్లో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో చేర్చారు.

విదేశాలకి వెళ్తే వదిలిపోతుందా?

విమానంలో కూడా వస్తుంది. పారిస్‌లో సోనింకే కార్మికులు ఊరివారీగా సంఘాలు పెట్టుకుంటారు. చందాలు వసూలు చేసి ఊరికి బడి, మసీదు, నీళ్ల ట్యాంకు కట్టిస్తారు. ఆ సంఘంలోనూ టీ కాచేది ఎవరు, మాట్లాడేది ఎవరు అన్నది ఊళ్లో లాగే. ఇల్లు అద్దెకిచ్చేవాడికి తెలియదు, తోటి ఊరివాడికి తెలుసు. కానీ తిరుగుబాటుకి డబ్బూ ధైర్యమూ అక్కణ్ణుంచే వచ్చాయన్నది మరిచిపోవద్దు.

అమెరికా నుంచి వచ్చే నల్లజాతివాళ్లకి పూలదండలేస్తారు, ఊళ్లోవాళ్లని మాత్రం తక్కువగా చూస్తారు. ఇదేం న్యాయం?

న్యాయం కాదు, లెక్క. ఘనా 2019ని తిరిగిరాక సంవత్సరంగా జరిపింది, వచ్చినవాళ్లు ఒకప్పుడు బానిసల్ని ఓడలెక్కించే ముందు బంధించిన కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్లు అన్నయ్యలు, తోబుట్టువులు. వాళ్లు ఊరి సింహాసనం అడగరు, తాతల పొలం పంచమనరు, మన పిల్లని ఇమ్మనరు. వాళ్లని అమ్మినవాడు ఏ ఇంటివాడో కూడా తెలియదు. ఊళ్లో ఉన్నవాడి విషయంలో కొన్నవాడి పేరు అందరికీ తెలుసు, అతని మనవడు పక్కింట్లోనే ఉన్నాడు.

నేను అక్కడ ఉద్యోగం చేస్తున్నాను. కొలీగ్‌ని దీని గురించి అడగొచ్చా?

నలుగురిలో వద్దు. "మీలో ఓసులంటే ఎవరు?" అని క్యాంటీన్‌లో అడిగితే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు ఓసు అయ్యే అవకాశం ఉంది, మిగతావాళ్లకి అది తెలిసే అవకాశం ఇంకా ఎక్కువ ఉంది. మన ఆఫీసుల్లో కొత్తగా చేరినవాణ్ణి "మీరేమిట్లు?" అని అడిగితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పెళ్లికి, బిరుదు వేడుకకి పిలిస్తే వెళ్లండి, కోలా గింజ ఎవరు చీలుస్తారో చూడండి, ఊరుకోండి. ఎవరైనా తమంతట తామే చెబితే వినండి. ఆ తర్వాత వాళ్ల పేరూ ఊరూ కలిపి ఫేస్‌బుక్‌లో మాత్రం రాయకండి.